ముక్కు చదునైన తూటా

నవంబరు వచ్చిందంటే
మా హార్డ్‌వేర్ దుకాణం తలుపు గంటకు ఊపిరాడదు.
మేకుల డబ్బాలు దాటి, మంచు తోసే పారలు దాటి
మనుషులు నేరుగా గాజు బీరువా దగ్గరికే వస్తారు.

పై అరల్లో కొత్త తూటాలు.
పేర్లలోనే ఉరుములు,
పెట్టెల మీద కొండ శిఖరాలు,
వెయ్యి గజాల అవతల కొమ్ములెత్తిన పొగరు.
ఏటా పేర్లు మారతాయి.
ఏటా వాటి మీది దుమ్ము నేనే తుడుస్తాను.

కింది అర తుడవాల్సిన పని పడదు.

"ఒదీల్, ముప్పై-ముప్పై ఒక పెట్టె"
అంటారు, పక్కింట్లో ఉప్పు అడిగినట్టు.
పద్దెనిమిది వందల తొంభై అయిదులో పుట్టిందట అది.
దాన్ని పుట్టించినవాళ్ళు ఎప్పుడో పోయారు.
దాని పని అయిపోయిందని రాసినవాళ్ళూ
ఒక్కొక్కరే పోతున్నారు.

బంగాళదుంపల గోదాం రెజాన్ కొడుకు
పై అర మీద కన్నేసి అడిగాడు:
"ఇంత నెమ్మది సరుకు ఇంకా ఎవరు కొంటారు?"
కిటికీ చూపించాను.
నది ఒడ్డున స్ప్రూస్ చెట్లు, ఒకదాని భుజం మీద ఒకటి.
"ఆ చెట్ల మధ్య నీకెంత దూరం కనిపిస్తోంది?"
కళ్ళు చిట్లించాడు. "అరవై గజాలు. అదీ ఆకు రాలాక."
"ఎంత అడవికి అంత తూటా, బాబూ."
వాడు నవ్వలేదు. పై అరలోదే కొన్నాడు.
కొననీ. నాకూ అప్పులున్నాయి.

నాకు మాత్రం దాని ముక్కంటే ఇష్టం.
తుపాకీ గొట్టం కింద ఇంకో గొట్టం,
అందులో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి,
ఆదివారం సత్ప్రసాదం వరసలో మా ఊరివాళ్ళలా.
మొన వాడిగా ఉంటే
ముందున్నదాని వీపులో గుచ్చుకుని భగ్గుమంటుంది.
అందుకని ముక్కు చదును చేసుకుంది.
రూపానికి చదును,
పనికి ముక్కుసూటి.

మొన్న మంగళవారం, తొలి మంచు రోజు,
బిబియాన్ సీర్ వచ్చింది.
కోటు జేబులోంచి నలిగిన అట్టపెట్టె తీసి
కౌంటరు మీద పెట్టింది.
మూల మీద మా మామగారి చేతిరాత:
మూడు డాలర్ల డెబ్భై సెంట్లు.
ఇరవై గుంటల్లో ఏడే నిండుగా ఉన్నాయి.

మూత లోపలివైపు
పోయిన ఎల్జియార్ పెన్సిలు రాతలు.

1962. ఒకటి. వాగు మలుపు.
1963. ఒకటి. మంచులో మోకాలు లోతు.
1964. లేదు. వాన.
1967. ఒకటి. ఆడది. వెంట పిల్ల లేదు, చూసుకున్నాను.
1971. రెండు.

ఆ 'రెండు' పక్కన
చోటు వదిలేశాడు, ఏమీ రాయలేదు.
ఆ తర్వాత మూడేళ్ళు: లేదు. లేదు. లేదు.

ఆమె వేలు ఆ గీత మీద ఆగి, కిందికి జారింది.
నేను అడగలేదు.

"ఇవి ఇంకా పేలతాయా?"
ఒకటి తీసి వెలుతురులో తిప్పాను.
ఇత్తడి రంగు మాగింది గానీ చిలుం పట్టలేదు.
"తడి తగలకపోతే పేలతాయి. ఎవరికి?"
"మునిమనవరాలికి. మారియెల్‌కి. పన్నెండు నిండాయి.
ఆ తుపాకీ దాని భుజాన్ని మరీ తన్నదు."
కొత్త పెట్టె ఇవ్వబోయాను.
తల అడ్డంగా ఊపింది.
"ఏడున్నాయిగా. తొందరేముంది?"

వెళ్తూ వెళ్తూ మాత్రం వెనక్కి తిరిగింది,
వడ్రంగుల సామాను దగ్గర నిలబడి
చాలాసేపు ఏరింది.
ఒక పెన్సిలు కొనుక్కుంది,
చివర రబ్బరు లేనిది.